నెంబరు లేని తుపాకీ

(స్మారకోపన్యాస పాఠం. బన్సీలాల్‌పేట్, సికింద్రాబాద్)

ఫ్యాక్టరీలో తయారైన ప్రతి తుపాకీ మీద తయారీదారు పేరు, ఒక వరుస నెంబరు చెక్కి ఉంటాయి. తుపాకీ పేలడానికి ఆ నెంబరుతో పని లేదు. దాని అవసరం నేరం జరిగాక తెలుస్తుంది. నెంబరు పట్టుకుని దర్యాప్తు అధికారి ఫ్యాక్టరీ లెక్కల్లోకి, అక్కడి నుంచి డీలరు రిజిస్టరులోకి, ఆ రిజిస్టరు నుంచి లైసెన్సుదారు ఇంటికి వెళ్లగలుగుతాడు. తుపాకీ ఎక్కడ చేతులు మారింది, ఎవరు పోగొట్టుకున్నారు, ఎవరు అమ్ముకున్నారు అన్నది ఈ దారిలో ఎక్కడో ఒకచోట తేలుతుంది. ఇంట్లోనో, కొలిమి దగ్గరో, లేత్ మిషన్ మీదో తయారైన తుపాకీకి అసలు దారే ఉండదు. అది ఎక్కడ దొరికితే అక్కడికే దర్యాప్తు ఆగిపోతుంది. ఇలాంటి ఆయుధాలను అదుపు చేయడం ఎలా అన్న చర్చ అమెరికాలో 'ఘోస్ట్ గన్' పేరుతో పదేళ్లుగా సాగుతోంది. తెలుగు నేల మీద ఆ సమస్య అంతకంటే చాలా పాతది, దాని స్వభావమూ వేరు.

తెలుగు పత్రికలు 'నాటు తుపాకీ' అని ఒకే మాటతో సరిపెట్టే ఆయుధాలు నిజానికి మూడు రకాలు. మొదటిది మూతి వైపు నుంచి మందు, రవ్వలు దట్టించి పేల్చే పొడుగు తుపాకీ. తెలంగాణ పల్లెల్లో దీన్ని బర్మార్ అంటారు. అడవి పందుల మీదికి, కుందేళ్ల వేటకు వాడేది ఇదే. ఒకసారి పేల్చాక మళ్లీ దట్టించడానికి చాలాసేపు పడుతుంది. దాన్ని చొక్కా కింద దాచుకుని తిరగడం కుదరదు. రెండోది తపంచా, ఉత్తరాది మాటలో కట్టా. ఒక్క తూటా పట్టే పొట్టి తుపాకీ ఇది. జేబులో, నడుము దగ్గర దాచుకోవడానికే పుట్టింది. మూడోది ఫ్యాక్టరీ పిస్తోలుకు నకలు. మ్యాగజైను ఉంటుంది, వరసగా పేలుతుంది, చూడ్డానికి అసలు దానిలాగే ఉంటుంది. కొన్నింటి మీద విదేశీ కంపెనీ పేరు కూడా చెక్కి ఉంటుంది. ఈ రకంలో నెంబరు లేకపోవడం కంటే దొంగ నెంబరు ఉండటం ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే అది దర్యాప్తును లేని ఊరికి పంపుతుంది. చట్టం ఈ మూడింటినీ దాదాపు ఒకే గాటన కడుతుంది. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

హైదరాబాదుకు తుపాకుల తయారీ కొత్త కాదు. రెండో నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచి సేనాని రేమండ్ 1795లో ఫతే మైదాన్ దగ్గర ఫిరంగుల కార్ఖానా పెట్టించాడు. ఆ పేటను ఇప్పటికీ గన్‌ఫౌండ్రీ అనే పిలుస్తున్నారు. పంతొమ్మిదో శతాబ్దమంతా నగరంలో అరబ్బు, రోహిల్లా జమేదార్లు సొంత బలగాలతో, సొంత ఆయుధాలతో తిరిగారు. వాళ్లను అదుపులో పెట్టడానికి నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్ ఏళ్ల తరబడి శ్రమ పడ్డాడు. హుస్సేన్‌సాగర్‌కు ఇవతల సికింద్రాబాదులో పాలన బ్రిటిష్ రెసిడెంటుది. బన్సీలాల్‌పేట్ ఆ పాలన కిందే రూపుదిద్దుకుంది. 1930ల తొలినాళ్లలో రెసిడెంటుగా ఉన్న టెరెన్స్ కీస్ హయాంలో, సేఠ్ బన్సీలాల్ ఇచ్చిన విరాళంతో, దీన్ని ఆదర్శ పేటగా తీర్చిదిద్దారు. కంటోన్మెంటు మినహా సికింద్రాబాదు తిరిగి నిజాం చేతికి వచ్చింది 1945లో. అంటే ఒకే జంట నగరంలో చెరువుకు ఆ ఒడ్డున ఒక పాలన, ఈ ఒడ్డున ఇంకొకటి. ఒక చోట గీసిన గీతను ఆయుధం దాటగానే దాని లెక్క తప్పిపోవడం అన్నది ఈనాటి అంతర్రాష్ట్ర అక్రమ రవాణాతో పుట్టిన సమస్య కాదు.

బ్రిటిష్ ఇండియాలో లైసెన్సు విధానాన్ని బిగించింది లిట్టన్ వైస్రాయిగా ఉన్నప్పుడు వచ్చిన 1878 ఆయుధ చట్టం. 1857 తిరుగుబాటు భయం ఇంకా తీరని ప్రభుత్వం భారతీయుల చేతిలో తుపాకీ ఉండటాన్నే అనుమానంగా చూసింది. యూరోపియన్లకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. ఈ వివక్షను జాతీయోద్యమం మొదటి నుంచీ నిలదీసింది. నెంబరున్న తుపాకుల చరిత్రలో ఒక ఘట్టం ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా దాడి చేశాడు. తీసుకెళ్లిన తుపాకులు, తూటాల వివరాలు స్టేషను రికార్డులో రాసి సంతకం పెట్టి మరీ వెళ్లాడు. దాచుకోవలసింది ఏమీ లేదన్నవాడు లెక్క అప్పజెప్పి పోయాడు. తర్వాతి తరంలో, 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ రైతాంగ పోరాటంలో, దళాల చేతుల్లో మొదట కనిపించినవి గుత్పలు, వడిసెలలు, దేశ్‌ముఖుల గడీల నుంచి లాక్కున్న బర్మార్లు. నాటు ఆయుధాలతో పోరాడిన వాళ్ల పట్ల ఈ నేలకు ఉన్న గౌరవం చిన్నది కాదు. ఆ గౌరవాన్ని నేటి కిరాయి హంతకుడి తపంచాకు పూసే ప్రయత్నం ఎవరు చేసినా ఒప్పుకోకూడదు.

స్వాతంత్ర్యం వచ్చాక తెచ్చిన ఆయుధ చట్టం 1959 నాటిది. 1962 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. సెక్షన్ 3 ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకోకూడదు. సెక్షన్ 5 ప్రకారం తయారు చేయకూడదు, అమ్మకూడదు. సెక్షన్ 6 ప్రకారం గొట్టం కోసి పొట్టి చేయకూడదు, బొమ్మ తుపాకీని నిజమైనదిగా మార్చకూడదు. ఈ చర్చకు అసలు కీలకమైనది సెక్షన్ 8. తయారీదారు పేరు, నెంబరు లేదా మరో గుర్తింపు ముద్ర లేని తుపాకీని అమ్మడం, బదిలీ చేయడం అది నిషేధిస్తుంది. ముద్ర చెరిపేసిన తుపాకీ ఎవరి దగ్గర దొరికితే వాళ్లే చెరిపినట్టు కోర్టు అనుకోవాలి, కాదని రుజువు చేసుకోవలసిన భారం వాళ్లదే. ముద్ర లేని తుపాకీకీ చట్టం ఇదే ఊహను వర్తింపజేస్తుంది. కానీ అసలు ముద్రే పడని తుపాకీ మీద చెరపడానికి ఏమీ ఉండదు కదా.

ఇంకో సంగతి ఉంది. ఈ చట్టంలో 'ఆయుధాలు' అన్న మాట కింద తుపాకీ ఒక్కటే కాదు, తుపాకీ విడిభాగాలూ, తుపాకులు తయారు చేసే యంత్రాలూ వస్తాయి. అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లి తేల్చుకోవలసి వచ్చిన ప్రశ్నకు భారత పార్లమెంటు 1959లోనే జవాబు రాసి పెట్టింది.

అమెరికాలో ఆ ప్రశ్న ఇలా వచ్చింది. జాన్ కెనెడీ, మార్టిన్ లూథర్ కింగ్, రాబర్ట్ కెనెడీ హత్యల తర్వాత 1968లో చేసిన తుపాకుల నియంత్రణ చట్టం వ్యాపారానికి తుపాకులు చేసేవాళ్లకు లైసెన్సు, నెంబరు తప్పనిసరి చేసింది. సొంతానికి ఇంట్లో చేసుకునేవాణ్ని మాత్రం వదిలేసింది. అప్పట్లో అలా చేసుకునేవాళ్లు కొద్దిమంది అభిరుచి గలవాళ్లు. తర్వాత కంపెనీలు దాదాపు పూర్తయిన చట్రాన్ని, మిగతా భాగాలను ఒకే పెట్టెలో పెట్టి అమ్మడం మొదలెట్టాయి. కొన్నవాడు నాలుగు రంధ్రాలు వేసి, కాస్త అరగదీసి బిగిస్తే పిస్తోలు తయారు. పెట్టెలో ఉన్నది ఇంకా తుపాకీ కాదు కాబట్టి నెంబరు అక్కర్లేదని, కొనేవాడి నేపథ్యం తనిఖీ చేయనక్కర్లేదని అమ్మేవాళ్ల వాదన. 2017లో పోలీసులు ఆచూకీ కోసం పంపిన ఇలాంటి తుపాకులు దాదాపు 1,600. 2021లో అవి 19,000 దాటాయి. 2022లో బైడెన్ ప్రభుత్వం ఈ పెట్టెలను తుపాకులుగానే లెక్కించాలని నిబంధన తెచ్చింది. దాన్ని సవాలు చేసిన కేసులో 2025 మార్చి 26న సుప్రీంకోర్టు 7-2 మెజారిటీతో ప్రభుత్వం వైపు తీర్పు ఇచ్చింది. సంప్రదాయవాదిగా పేరున్న నీల్ గోర్సచ్ మెజారిటీ తీర్పు రాశారు. క్లారెన్స్ థామస్, శామ్యూల్ అలిటో విభేదించారు.

అక్కడి వాదనలో రెండు పక్షాలకూ బలం ఉంది. తుపాకీ ధరించే హక్కు వాళ్ల రాజ్యాంగంలో ఉంది. ఇంట్లో చేసుకోవడం వాళ్ల దేశం పుట్టకముందు నుంచీ ఉన్న అలవాటు. నెంబరు పేరుతో ప్రభుత్వం ప్రతి ఇంటి ఆయుధాన్నీ జాబితాకు ఎక్కిస్తుందన్న భయం వాళ్లలో నిజంగానే ఉంది. మరోవైపు పోలీసులు అడిగేది కొత్త నిషేధం కాదు, దుకాణంలో కొనేవాడికి ఉన్న షరతే పెట్టెలో కొనేవాడికీ ఉండాలని. భారతదేశంలో మొదటి వాదనకు చోటు లేదు. 2023 ఫిబ్రవరిలో ఉత్తరప్రదేశ్ హత్య కేసులో బెయిలు విచారిస్తూ జస్టిస్ కె.ఎం.జోసెఫ్, జస్టిస్ బి.వి.నాగరత్న ధర్మాసనం ఈ తేడాను ప్రత్యేకంగా చెప్పింది: అమెరికాలో లాగా ఇక్కడ ఎవరికీ తుపాకీ మీద హక్కు లేదు, చట్టం అనుమతిస్తేనే ఉంటుంది. కాబట్టి ఇక్కడి చర్చ స్వేచ్ఛకూ నియంత్రణకూ మధ్య కాదు. ఉన్న కఠినమైన చట్టం ఎవరి మీద పడుతోంది, ఎవర్ని తాకకుండా పోతోంది అన్నదే ఇక్కడి చర్చ.

హైదరాబాదులో దొరికే నాటు పిస్తోళ్లలో ఎక్కువ భాగం ఇక్కడ తయారైనవి కావు. పోలీసుల ప్రకటనల్లో మళ్లీ మళ్లీ కనిపించే పేర్లు రెండు: బీహార్‌లోని ముంగేర్, మధ్యప్రదేశ్ పశ్చిమ జిల్లాల్లోని సిక్లీగర్ పల్లెలు. ముంగేర్‌లో తుపాకుల పని 1760ల తొలినాళ్ల నుంచీ ఉంది. బెంగాల్ నవాబు మీర్ ఖాసిం రాజధానిని ముర్షిదాబాదు నుంచి అక్కడికి మార్చి, ఈస్టిండియా కంపెనీతో తలపడడానికి ఆయుధశాల పెట్టాడు. నవాబు పోయాడు, పనితనం మిగిలింది. స్వతంత్ర భారతంలో అక్కడ లైసెన్సున్న తుపాకుల యూనిట్లు నడిచాయి. వాటికి పని తగ్గేకొద్దీ పనివాళ్లలో కొందరు దొంగచాటు తయారీకి మళ్లారు. సిక్లీగర్లది ఇంకో కథ. కత్తులు, ఈటెలు చేసి ఇచ్చిన సంచార కమ్మరి కులం అది. ఆ విద్యకు చట్టబద్ధమైన గిరాకీ పోయింది, మరో బతుకుదెరువు దొరకలేదు. అరెస్టులతో ఆ పల్లెలు ఖాళీ కావు. ఒక తండ్రి జైలుకు వెళితే కొడుకు ఆకురాయి పట్టుకుంటాడు. తయారీ కేంద్రాలను మూయాలంటే పోలీసు బలగంతో పాటు ఆ చేతులకు పని చూపించే పారిశ్రామిక విధానం కావాలి. దక్షిణాది రాష్ట్రాలు తమ రైల్వే స్టేషన్లలో ఎన్ని తనిఖీలు పెట్టుకున్నా ఈ మూలం ఎండదు.

ఆ సరుకు వచ్చే దారులు హైదరాబాదు గుండానే సాగుతాయి. 2021 జనవరిలో తమిళనాడులోని హోసూరులో ముత్తూట్ ఫైనాన్స్ శాఖను తుపాకులతో దోచి, దాదాపు 25 కిలోల బంగారంతో పారిపోతున్న ఉత్తరాది ముఠాను సైబరాబాద్ పోలీసులు శంషాబాద్ పరిసరాల్లో పట్టుకున్నారు. పిస్తోళ్లు కూడా వాళ్ల దగ్గర దొరికాయి. దోచింది ఒక రాష్ట్రంలో, పట్టుబడింది ఇంకో రాష్ట్రంలో, మనుషులు మరో చోటి వాళ్లు. ఇలాంటి కేసుల్లో తుపాకీ చేసినవాడు కోర్టు బోనులో కనిపించడం చాలా అరుదు.

విడిభాగాల రూపంలో ఆయుధం ఎలా కనుమరుగవుతుందో చెప్పే ఉదాహరణ కోసం అమెరికా దాకా వెళ్లనక్కర్లేదు. 2006 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ పోలీసులు మహబూబ్‌నగర్, ప్రకాశం జిల్లాల్లో మావోయిస్టుల కోసం తెచ్చిన వందలాది రాకెట్ గుళ్ల తొడుగులు, వాటిని ప్రయోగించే గొట్టాలు స్వాధీనం చేసుకున్నారు. ఆరా తీస్తే అవి తయారైంది దండకారణ్యంలో కాదు, చెన్నై శివార్లలోని అంబత్తూరు పారిశ్రామిక వాడలో. ఏవో యంత్రాల భాగాలని చెప్పి, వేర్వేరు వర్క్‌షాపులకు వేర్వేరు ముక్కల ఆర్డర్లు ఇచ్చారు. ఒక్కో లేత్ మీద తిరిగిన ముక్క చూసి అది రాకెట్టని చెప్పడం ఆ పనివాడికే సాధ్యం కాదు. బన్సీలాల్‌పేట్‌కు కూతవేటు దూరంలో ఉన్న రాణిగంజ్ బజారులో పైపులు, స్ప్రింగులు, డ్రిల్ బిట్లు, మరలు ఎవరికి కావాలంటే వాళ్లకు దొరుకుతాయి. దొరకాలి కూడా, బోరింగు మెకానిక్కుల నుంచి ఆటో మెకానిక్కుల దాకా వేలమంది కడుపు వాటి మీదే నిండుతుంది. ఇనుప ముక్కను నియంత్రించి తుపాకీని ఆపడం జరిగే పని కాదు. విడిభాగాన్ని ఆయుధంగా చట్టం నిర్వచించినంత మాత్రాన ఆచూకీ దొరకదని 2006 నాటి అనుభవం చెబుతోంది.

నెంబరు లేని తుపాకీ నిజంగానే ఆనవాలు లేనిదా అన్న ప్రశ్నకు జవాబు ఆసుపత్రిలో, ల్యాబులో దొరుకుతుంది. బన్సీలాల్‌పేట్ పక్కనే, పాత ముషీరాబాద్ జైలు స్థలంలో, 2003 నుంచి గాంధీ ఆసుపత్రి ఉంది. తుపాకీ గాయంతో చనిపోయిన మనిషి శవపరీక్ష ఇలాంటి ప్రభుత్వాసుపత్రుల్లోనే జరుగుతుంది. ఫ్యాక్టరీ పిస్తోలు, రైఫిలు గొట్టాల లోపల మెలికలు తిరిగిన గాడులుంటాయి. గుండు వాటి వెంట గిరగిరా తిరుగుతూ నేరుగా పోతుంది, ఆ గాడుల గీతలు దాని ఒంటి మీద పడతాయి. తపంచా గొట్టం తరచు నున్నని పైపు. గుండు వదులుగా జారి, గాలిలో పల్టీలు కొట్టి, అడ్డంగా వచ్చి తగులుతుంది. అందుకే ప్రవేశ గాయం గుండ్రంగా కాకుండా తాళంచెవి రంధ్రంలా పొడుగ్గా ఉండవచ్చు. బయటికి తీసిన గుండు మీద పోల్చి చూడదగిన గీతలు ఉండవు. రెడ్‌హిల్స్‌లోని రాష్ట్ర ఫోరెన్సిక్ ల్యాబొరేటరీ నిపుణుడు ఆ గుండుతో 'ఇది ఈ తుపాకీదే' అని గట్టిగా చెప్పలేని పరిస్థితి ఇక్కడే వస్తుంది.

ఖాళీ తూటా దొరికితే మాత్రం కథ మారుతుంది. తూటా అడుగున సూది కొట్టిన గుంట ఉంటుంది, వెనక పలక అదిమిన గుర్తులుంటాయి. ఫ్యాక్టరీ సూదులు చాలావరకు ఒకదానిలా ఒకటి ఉంటాయి. చేత్తో ఆకురాయి పట్టి అరగదీసిన సూది ఏ రెండూ ఒకేలా ఉండవు. కొస వంకర, పక్కన గీత, మధ్యకు కాక అంచుకు తగలడం వంటివన్నీ ఆ తుపాకీకి సొంత సంతకాలు. అంటే నాటు తుపాకీ చేతి పని కావడం వల్లే దాని తూటా గుర్తు మరింత ప్రత్యేకం. ఒకే కొలిమిలో తయారైన పది తుపాకుల మీద ఒకే పనిముట్ల గాట్లు కనిపిస్తే అవన్నీ ఒకే చేతి పనని చెప్పే అవకాశమూ ఉంది. కావలసిందల్లా వేర్వేరు జిల్లాల్లో దొరికిన వాటిని ఒకచోట పెట్టి చూడటం. ఒక్కో కేసులోని తుపాకీ ఆ కేసు నెంబరు చీటీతో, స్వాధీన వస్తువులు ఉంచే మాల్‌ఖానాలో మూలకు చేరి, విచారణ ముగిశాక ధ్వంసమైతే ఈ సంబంధం ఎప్పటికీ బయటపడదు.

తూటా గురించి ఇంకా చెప్పవలసింది ఉంది. ఈ వ్యవహారమంతటిలో అతి ముఖ్యమైన వస్తువు అదే. తుపాకీని కొలిమిలో చేయవచ్చు, మంచి తూటాను చేయడం కష్టం. అందుకే తపంచాలను దేశంలో చట్టబద్ధంగా దొరికే .315, 12 బోర్ తూటాల కొలతకే చేస్తారు. ఆ తూటాలు ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీల్లో తయారై, లైసెన్సున్న డీలరు దగ్గర, లైసెన్సున్న మనిషి పేరు మీద అమ్ముడైనవి. నాటు తుపాకీకి పుట్టుక పత్రం లేకపోయినా దాని కడుపులోకి వెళ్లేదానికి ఉంది. తూటా అడుగున ఫ్యాక్టరీ గుర్తు, బోరు చెక్కి ఉంటాయి. ఏ విడతలో ఏ దుకాణానికి చేరిందో చెప్పే ఆనవాలు మాత్రం ఉండదు. బ్రెజిల్ 2003లో చేసిన నిరాయుధీకరణ చట్టం భద్రతా దళాలకు అమ్మే తూటాల మీద విడత నెంబరు తప్పనిసరి చేసింది. 2018 మార్చిలో రియో డి జనీరో నగరపాలక సభ్యురాలు మారియెల్లి ఫ్రాంకోను కాల్చి చంపినప్పుడు, దొరికిన తూటాలు 2006లో ఫెడరల్ పోలీసులకు అమ్మిన విడతలోవని ఆ నెంబరు వల్లే తెలిసింది. పోలీసు గోదాము నుంచి హంతకుల చేతికి తూటా ఎలా చేరిందని ఒక దేశం ప్రభుత్వాన్ని నిలదీయగలిగింది.

ఇక శిక్షల సంగతి. 2019 డిసెంబరులో వచ్చిన సవరణ చట్టం వాటిని బాగా పెంచింది. లైసెన్సు లేకుండా తుపాకీ తయారీ, అమ్మకం, మార్పిడికి అంతకుముందు మూడు నుంచి ఏడేళ్ల జైలు. ఇప్పుడు ఏడేళ్ల నుంచి యావజ్జీవం. గుర్తింపు ముద్ర లేని తుపాకుల రవాణాను 'అక్రమ రవాణా' నిర్వచనంలో చేర్చి కనీసం పదేళ్లు పెట్టింది. ముఠాలకు ఇది తగిన శిక్షే. అయితే ఏడేళ్ల కనీస శిక్ష ఉన్న ఆ నిబంధనలో తయారీ, అమ్మకాల పక్కనే మరమ్మతు కూడా ఉంది. పాడేరు ఏజెన్సీలో తాతల నాటి తుపాకీ గుర్రాన్ని బిగించి ఇచ్చిన కమ్మరి, ముంగేర్‌లో నెలకు డజను పిస్తోళ్లు చేసి అమ్మిన వ్యాపారి ఒకే వాక్యం కింద నిలబడతారు. నల్ల తుపాకీ మందుతో పేలే మూతి తుపాకీని అమెరికా ఫెడరల్ చట్టం అసలు తుపాకీగానే లెక్కించదన్నది ఇక్కడ గమనించదగ్గ విషయం.

అల్లూరి జిల్లా మన్యంలో, చిత్తూరు, అన్నమయ్య జిల్లాల గుట్టల అంచు ఊళ్లలో, ఆదిలాబాద్ అడవుల్లో బర్మార్ ఉంచుకునేవాడు ఎవరు? రాత్రంతా మంచె మీద కూర్చుని మొక్కజొన్న కాపలా కాసే రైతు, లేదా మాంసం కోసం అడవికి వెళ్లే గిరిజనుడు. పందులు ఒక్క రాత్రిలో పల్లీ చేను దున్నేసి పోతాయి. తుపాకీ లేనివాళ్లు కంచెకు కరెంటు తీగ తగిలిస్తున్నారు. ఆ తీగలకు పందుల కంటే ముందు పక్క చేను రైతులు, తెల్లారి నీళ్లు పెట్టబోయిన కొడుకులు బలైన వార్తలు ప్రతి పంటకాలంలో వస్తూనే ఉన్నాయి. పొదలో కదలికను పంది అనుకుని తోటి వేటగాణ్ని కాల్చిన సంఘటనలూ ఉన్నాయి. ఈ తుపాకులు ప్రమాదకరం కాదని ఎవరూ అనలేరు. గొట్టం పగిలి పేల్చినవాడి చెయ్యే పోవడం కొత్త కాదు. కానీ ఇది నేరముఠా సమస్య కాదు, వ్యవసాయ సమస్య.

చట్టం చేసినవాళ్లకు ఈ తేడా తెలుసు. సెక్షన్ 13 ప్రకారం నిజంగా పంట రక్షణ కోసమే అయితే మూతి తుపాకీకి లైసెన్సు ఇవ్వాలి. ఆ దారి కాగితం మీద ఉంది. ఆచరణలో దరఖాస్తు కోసం కొండ దిగి, పోలీసు విచారణ దాటి, కలెక్టరేట్ చుట్టూ తిరగాలి. అంతా చేసినా ఊరి కమ్మరి చేసిన తుపాకీకి ముద్ర లేదు కాబట్టి దానికి లైసెన్సు రాదు. పక్క రాష్ట్రం కర్ణాటకలో కొడగులోని కొడవలకు సంప్రదాయం పేరుతో లైసెన్సు మినహాయింపు ఉంది. 2021లో కర్ణాటక హైకోర్టు దాన్ని సమర్థించింది. అక్కడ తుపాకీ మినహాయింపు పత్రంతో లెక్కలో ఉంటుంది, దాక్కుని ఉండదు. మన్యంలో మినహాయింపు ఇవ్వాలా వద్దా అన్నది వేరే చర్చ. ఒక గడువు పెట్టి, ఆ గడువులోపు ఊరి తుపాకీని తెచ్చి చూపించినవాడి మీద కేసు పెట్టబోమని చెప్పి, పనికొచ్చే దాని మీద ముద్ర కొట్టి, పనికిరానిదాన్ని తీసుకుని, పంట నష్టానికి అటవీశాఖ పరిహారం వెంటనే చెల్లిస్తే లెక్కలేని తుపాకుల్లో పెద్ద భాగం లెక్కలోకి వస్తుంది. తెలంగాణ 2021లో అడవి పందులను కాల్చే అనుమతి ఇచ్చే అధికారం సర్పంచులకు ఇవ్వాలని నిర్ణయించింది. అధికారం ఊరికి వచ్చినప్పుడు చట్టబద్ధమైన తుపాకీ కూడా ఊరికి అందుబాటులో ఉండాలి.

నెంబరు లేని తుపాకీ వల్ల పౌరుడికి మరో ముప్పు ఉంది. దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. అలాంటి తుపాకీని ఎవరి పక్కనైనా పెట్టవచ్చు. తెలుగు నేల మీద దశాబ్దాల పాటు ఎన్‌కౌంటర్ వార్తల చివర ఒకే వాక్యం వచ్చేది: సంఘటన స్థలంలో ఒక తపంచా, కొన్ని తూటాలు, విప్లవ సాహిత్యం దొరికాయి. వాటిలో కొన్ని తపంచాలు చనిపోయినవాళ్లవి కావని, తర్వాత తెచ్చి పెట్టినవని పౌరహక్కుల సంఘాలు ఆరోపిస్తూ వచ్చాయి. ఆ ఆరోపణను రుజువు చేయడానికి గానీ తోసిపుచ్చడానికి గానీ తుపాకీ వైపు నుంచి సాక్ష్యం ఉండదు. దానికి గతమే లేదు. 2014 సెప్టెంబరులో పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టు ఎన్‌కౌంటర్ మరణాల దర్యాప్తుకు మార్గదర్శకాలు ఇచ్చింది. స్వతంత్ర దర్యాప్తుతో పాటు, పోలీసులు వాడిన ఆయుధాలను పరీక్షకు అప్పగించాలని చెప్పింది. మృతుడి పక్కన దొరికిన తపంచా అంతకుముందు ఏ మాల్‌ఖానాలోనైనా ఉందేమో చూసే ఏర్పాటు కూడా ఉండి తీరాలి. స్వాధీనమైన ప్రతి నాటు తుపాకీకి ఆ రోజే ఒక శాశ్వత నెంబరు కొట్టి, ఫొటో తీసి, అన్ని జిల్లాలకూ కనిపించే పట్టికలో ఎక్కిస్తే ఆ తుపాకీ రెండోసారి 'దొరకడం' అసాధ్యమవుతుంది. దర్యాప్తుకు ఉపకరించే నెంబరే అమాయకుడికి రక్షణ కూడా అవుతుంది. ఈ ఏర్పాటుకు కొత్త చట్టం అక్కర్లేదు, ఒక్క డీజీపీ ఉత్తర్వు చాలు.

ఇప్పుడున్న ప్రభుత్వ లెక్కల్లో ఇలాంటి తుపాకులకు చోటు లేదు. కేంద్ర హోంశాఖ జాతీయ ఆయుధ లైసెన్సుల పట్టిక నడుపుతోంది. ప్రతి లైసెన్సుదారుకూ అందులో ప్రత్యేక గుర్తింపు నెంబరు ఉంటుంది. ఎన్నికలు వస్తే లైసెన్సు తుపాకులు పోలీసు స్టేషన్లలో జమ చేయిస్తారు. అవన్నీ చట్టానికి లోబడి నెంబరు వేయించుకున్న ఆయుధాలే. హత్యల్లో వాడిన తుపాకుల్లో అత్యధికం లైసెన్సు లేనివేనని జాతీయ నేర గణాంకాలు ఏటేటా చెబుతున్నా, పట్టికల శ్రద్ధ అంతా లైసెన్సున్న వాటి మీదే.

ఇంటి తయారీ అంటే ఇక ఇనుము మాత్రమే కాదు. 2013లో అమెరికాలో ప్లాస్టిక్ ముద్రణ యంత్రం (త్రీడీ ప్రింటర్) మీద తయారైన తొలి పిస్తోలు నమూనా ఇంటర్నెట్‌లోకి ఎక్కింది. 2022 జులై 8న జపాను మాజీ ప్రధాని షింజో అబేను నారా నగరంలో కాల్చి చంపింది ఇంట్లో చేసిన తుపాకీతోనే. ప్రపంచంలోకెల్లా కఠినమైన తుపాకీ చట్టాలున్న దేశం అది. జపాను 2024లో చట్టం సవరించి, తుపాకులు చేసుకోమని ప్రేరేపిస్తూ తయారీ సమాచారాన్ని ప్రచారం చేయడాన్ని నేరం చేసింది. భారతదేశంలో 1959 నిర్వచనం ప్లాస్టిక్ తుపాకీకీ అతికినట్టు సరిపోతుంది. ముద్రణ యంత్రం ఆసుపత్రుల్లో కృత్రిమ అవయవాలకు, ఇంజనీరింగ్ కాలేజీల్లో ప్రాజెక్టులకు పనికొచ్చే వస్తువు కాబట్టి దాన్ని 'తుపాకులు తయారు చేసే యంత్రం' అనడానికి మాత్రం కోర్టులు ఒప్పుకోవు, ఒప్పుకోకూడదు. అక్కడ కూడా మిగిలే ఆధారం తూటాయే. ప్లాస్టిక్‌తో గొట్టం వస్తుంది, తూటాలో మందు రాదు.

2023లో సుప్రీంకోర్టు చేపట్టిన లైసెన్సు లేని తుపాకుల వ్యవహారం 2024 నవంబరులో ముందడుగు వేసింది. ప్రతి రాష్ట్రంలో ప్రధాన కార్యదర్శి నాయకత్వాన, హోం కార్యదర్శి, డీజీపీ, బాలిస్టిక్స్ నిపుణుడు సభ్యులుగా కమిటీ వేసి కార్యాచరణ ప్రణాళిక తయారు చేయాలని జస్టిస్ బి.వి.నాగరత్న, జస్టిస్ పంకజ్ మిత్తల్ ధర్మాసనం ఆదేశించింది. కమిటీలో బాలిస్టిక్స్ నిపుణుడికి చోటివ్వడం మంచి ఆలోచన. తెలుగు రాష్ట్రాల్లో ఆ నిపుణుడికి మొదట అప్పజెప్పవలసిన పని మాల్‌ఖానాల్లో పడి ఉన్న నాటు తుపాకులన్నిటినీ ధ్వంసం చేయకముందే పరీక్షించి, సూది గుర్తులు, పనిముట్ల గాట్లు నమోదు చేయడం. హోం కార్యదర్శి చేయగల పని .315, 12 బోర్ తూటాల అమ్మకాలను డీలరు రిజిస్టర్ల నుంచి ఒకే పట్టికలోకి తెచ్చి, ఏళ్ల తరబడి ఒక్క గుండూ పేల్చని లైసెన్సుదారు ప్రతి ఏడాదీ పూర్తి కోటా ఎందుకు కొంటున్నాడో అడగడం, తూటాల మీద విడత నెంబరు చెక్కించమని కేంద్రాన్ని కోరడం. మన్యంలోని మూతి తుపాకులకు అప్పగింత గడువు, ముద్ర, పరిహారం ప్రధాన కార్యదర్శి పరిధిలోవి. వాటికి పోలీసు, అటవీ, వ్యవసాయ, గిరిజన సంక్షేమ శాఖలను ఒక్క బల్ల దగ్గర కూర్చోబెట్టగలిగేది ఆ పదవిలో ఉన్నవాళ్లే.